బుడగల లెక్క

జనవరి. రేవు చెక్కల మీద మంచు పొడి.
మెరిట్ బూట్ల అచ్చులు నీళ్లదాకా వెళ్లి ఆగిపోయాయి.
వెనక్కొచ్చిన అచ్చులు ఇంకా లేవు.

ఊట మీద ఆవిరి లేస్తోంది,
అడుగున ఎవరో ఎసరు పెట్టి మరిచిపోయినట్టు.
నిజానికి నీళ్లేం వేడెక్కలేదు.
మా లెక్కలో డెబ్భై రెండు డిగ్రీలు,
ఆగస్టులోనూ అంతే, ఇవాళా అంతే.
చల్లబడింది మేమే.

ట్రక్కులో హీటరు పోయి రెండేళ్లు.
ఒళ్లో దుప్పటి, దుప్పటి మీద నోటుపుస్తకం,
పక్కన గ్యాసు పొయ్యి మీద
రాత్రంతా నానిన వేరుశనగ కాయలు ఉప్పునీళ్లలో ఉడుకుతున్నాయి.
పదింటికి మానటీలను చూడ్డానికి జనం వస్తారు.
కాగితం సంచి ఐదు డాలర్లు.

'ఏడూ పన్నెండు, దిగాడు' అని రాశాను.

నాకు ఈత రాదు.
ముప్పై నాలుగేళ్లు ఈ ఒడ్డున కూచుని
నేర్చుకున్నదల్లా బుడగలు చదవడం.
చిన్నవి, వరసగా: దారం కడుతున్నాడు.
పెద్దదొకటి, చాలాసేపటికి మరొకటి: ఏదో చూసి ఆగాడు.
గుప్పెడు ఒక్కసారే: నవ్వాడు,
లేదా తాబేలు వచ్చి మాస్కుకి కొట్టుకుంది.
ఆ తర్వాత ఏమీ ఉండవు.
గుహ నోట్లోకి వెళ్లాడన్నమాట.
అతని ఊపిరిప్పుడు సున్నపురాతి కప్పు కింద
పాదరసంలా పాకుతూ సందు వెతుక్కుంటూ ఉంటుంది.

భయం బుడగలు ఆగినప్పుడు రాదు.
బుడగలు ఆగి, కాయల గిన్నె పొంగి,
మంట తగ్గించడానికి లేచి,
ఓ నిమిషం అతన్ని మరిచిపోయానని
గుర్తొచ్చినప్పుడు వస్తుంది.

మొన్న నవంబరులో డాక్టరు గుండె బొమ్మ చూపించి
ఇక చాలన్నాడు.
ఈ చలికాలంతో, అన్నాడు మెరిట్.
ఏ చలికాలమో చెప్పలేదు.

నీటి శాఖ నుంచి సీసాలు పట్టుకొచ్చే టమీరా చెప్పింది,
ఈ నీళ్లు ఈ ఏటివి కావట.
ఇరవై ఏళ్ల కిందటో ముప్పై ఏళ్ల కిందటో
వానై పడి, ఇసకలో ఇంకి, రాతిలో నడిచి నడిచి
ఇప్పటికి చేరాయట.
ఆ లెక్కన ఇవాళ పైకొస్తున్నది
మా ఇంటి రేకులు లేచిపోయిన రాత్రి వానేమో.
గిన్నెలన్నీ పెట్టాం. చాలక బకెట్లు.
అవీ చాలక తన బూట్లు పెట్టాడు మెరిట్.
తెల్లారాక వాటిని పెరట్లో బోర్లించి
పోతే పో అన్నాడు.
ఇప్పుడా నీటికి ఎదురీదుతూ వెళ్లాడు లోపలికి.

ఫూ.
సగం లేచాను.
మెరిట్ కాదు. ముసలి మానటీ,
వీపు మీద పడవ రెక్క గీసిన నాలుగు గీతలు.
నదిలో చలికి తాళలేక వెచ్చదనానికి వచ్చింది.
దాని ఊపిరిని కూడా పుస్తకంలో ఎక్కించేశాను.
కొట్టెయ్య బుద్ధి కాలేదు.

ఎనిమిదీ నాలుగు. బుడగలు.
చిన్నవి, వరసగా, ఎప్పటి చోటే.

అయినా పైకి రాడు.
ఇరవై అడుగుల దగ్గర దుంగ పట్టుకుని వేలాడాలి,
ఒంట్లో చేరిన గాలి మెల్లగా దిగాలి.
తొందరపడితే రక్తం సోడాసీసా అవుతుంది.
ఆ అరగంటా ఏం తోచక, ప్లాస్టిక్ కవరు వేయించిన
విత్తనాల కంపెనీ జాబితా చదువుతాడు.
టమాటాల పేజీ కంఠతా వచ్చు.

బ్లీచ్ డబ్బాకి కట్టి పలక పైకి పంపాడు.
పెన్సిలు రాత, వంకరగా:
'పాత దారం తెగింది. కొత్తది కట్టాను.
కాయల్లో ఉప్పు వేశావా?'

గుండె సంగతి రాయలేదు.
నేనూ అడగలేదు.
'వేశాను' అని రాసి కిందికి వదిలాను.

జార్జియా నంబరు వ్యాను ఒకటి ముందే వచ్చింది.
ఫ్లోరిడా అంటే ఎండే అనుకుని
పొట్టి లాగుల్లో వణుకుతూ దిగారు.
చిన్నది రేవు చివరిదాకా పరిగెత్తి
అచ్చుల్లో తన కాళ్లు పెట్టి, నీళ్లలోకి వంగి,
అక్కడెవరో ఉన్నారు, అంది.

మా ఆయన, అన్నాను.
చదువుకుంటున్నాడు.