మూడు సిలిండర్లు

ఇసకపల్లి ఉప్పుటేటి గట్టున
సర్కారు తుమ్మల్లో పక్కకి ఒరిగి ఉండె ఆ పడవ.
మేకలు దాని నీడకి చేరేవి.
ఇంజను గదిలో ఒక నల్లకోడి
ఏడు గుడ్లు పొదిగి దించింది.

'కాలేషా, దీన్ని కొన్నా' అనింది మస్తానమ్మ.
ఇనుము తూకానికి నాలుగువేల మూడొందలు.
టేకు చెక్క లెక్కలోకి రాలేదంట.

నేను ఏరియేటర్లు బాగుచేసేవాణ్ణి.
రొయ్యల గుంటలో అర్ధరాత్రి చక్రం ఆగితే
మోగేది నా ఫోనే.
స్పీడుబోటు నాకేం తెలుసు?
'అదీ నీళ్లలో తిరిగేదే గదా.'

మూత ఎత్తా.
ఆరు సిలిండర్ల పెట్రోలు ఇంజను,
ఏ దొర సరదాకి మద్రాసులో దిగిందో.
కార్బురేటర్లో కందిరీగల మట్టిగూడు.
పిస్టన్లు పట్టేసి ఉన్నాయి,
మందు తాగనని పళ్లు బిగించిన పిల్లోడి మాదిరి.
వారం రోజులు కిరసనాయిలు పోశా,
సుత్తితో మెల్లగా బతిమాలా.
ఎనిమిదోనాడు చేతులు తుడుచుకుని
'ఇది పోయింది మ్మే' అన్నా.
ఆమె ఇంజను వైపు చూళ్లా.
డ్రైవరు కుర్చీలో కూర్చోనుంది,
స్పాంజి ఊడిన కుర్చీలో, అట్నే.

కావలి పాత సామాన్ల కొట్లో
ముక్కు చితికిన అంబులెన్సు వ్యాను దొరికింది.
దాని ఇంజనుకి మూడే సిలిండర్లు.
'సగమేగా' అన్నా.
'ముసల్దానికి సగం చాల్లే' అన్నాడు వాయల పోలయ్య,
టెంకాయ బేరం చేసినట్టు
ఒక్కో పలకా వేలి కణుపుతో కొట్టి వింటా.
టంగుమంటే ఉంచాడు.
బొదబొదమంటే పీకాడు.
సందుల్లో దూది కూరి గుగ్గిలం కాచి పోసి
తీసకపోయి ఏట్లో ముంచేశాడు!
నా గుండె జారింది.
'ముప్పయ్యేళ్లు ఎండినదానికి
నీళ్లు తాపకుండా పరిగెత్తమంటావా?'
మూడు రోజులు తాగింది.
నాలుగోనాడు చెక్క ఉబ్బి
సందులు వాటంతటవే మూసుకున్నాయి.

కప్లింగు నెల్లూర్లో లేతు పట్టించా,
ఆత్మకూరు బస్టాండు వెనక.
షాఫ్టుకీ దానికీ మధ్య గడ్డం బ్లేడు దూరాల,
రెండో బ్లేడు దూరకూడదు.
నాలుగు రాత్రులు ఆ బ్లేడుతోనే గడిచాయి.

ఇత్తడి పంకాని మస్తానమ్మ
చింతపండేసి తోమతా ఉంటే అడిగా,
ఎందుకింత కష్టమని.

'నడుంలోతు నీళ్లలో మేం రొయ్యపిల్ల ఏరేవాళ్లం.
రెప్పవెంట్రుకంత ఉంటది పిల్ల.
సత్తు గిన్నెలో తేలేసుకుని లెక్కపెట్టేది, వందకింతని.
మా ఏరని కంపెనీవోడు ఈ పడవేసుకుని వచ్చేవాడు.
తిట్టడు, కొట్టడు.
చుట్టూ ఒక రౌండు కొట్టి పోతాడు.
అల వచ్చి గిన్నెలు బోర్లేసేది.'

తర్వాత తెల్లమచ్చ రోగం.
గుంటలు చచ్చాయి, కంపెనీకి తాళం పడింది,
పడవ తుమ్మల్లోకి చేరింది.

'మరి పొయ్యిలో పెట్టాల్సింది గదా?'
'పెడదామనే కొన్నా.'
పంకా తిప్పి రెండోవైపు తోమింది.
'ఆ కుర్చీలోంచి మేం వాడికి
ఎట్టా కనపడేవాళ్లమో ఒకసారి చూడాల.'

పోటు ఎక్కినాక తాళం తిప్పా.
రెండుసార్లు దగ్గింది.
మూడోసారి అందుకుంది.
వ్యానులో ఎవరెవరి ప్రాణాలకో పరిగెత్తిన గొంతు
ఇప్పుడు ఏటి మీద.
స్టీరింగు ఆమెకిచ్చి పక్కన నిలబడ్డా.
మీట తోసింది. ముక్కు లేచింది.
పోలయ్య టోపీ ఎగిరి నీళ్లలో పడితే
ముగ్గురం నవ్వాం.

వంపు తిరగ్గానే
ఆలిచిప్పలు ఏరుకునే ఆడోళ్లు, నలుగురు.
నిలబడున్నోణ్ణి కాబట్టి నాకు కనపడ్డారు.
'మ్మే!' అని అరిచా.
ఆమె మీట లాగేసింది.
ఇంజను తగ్గింది, అల తగ్గలా,
మమ్మల్ని దాటుకుని పోయింది.
వాళ్లు మా వైపు చూడనైనా చూడకుండా
గిన్నెలు నెత్తికెత్తుకున్నారు.
అల నడుములు తడిపి గట్టుకి కొట్టుకుంది.
గిన్నెలు మళ్లీ కిందికి దిగాయి.

చాలాసేపు ఎవరం మాట్లాడలా.
వేడెక్కిన గొట్టం మీద నీటిచుక్కలు చుయ్యిమంటున్నాయి.

'కనపడరు' అనింది మస్తానమ్మ.
'ముక్కు లేస్తే ముందున్న మనిషి కనపడదు.'

తర్వాత కుర్చీ కింద చెయ్యి పెట్టి కొలిచి,
'పోలయ్యా, దీన్ని జానెడు ఎత్తు చెయ్యి' అనింది.

పోలయ్య చెవి మీది పెన్సిలు తీశాడు.