రెండు దిక్కుల నోటుబుక్కు

మా ఇంట్ల ఒక్కటే నోటుబుక్కు,
రెండొందల పేజీలది, క్లాక్‌టవర్ కాడ కొన్నది.
ముందల్నుంచి నా లెక్కలు,
ఎన్కనుంచి అలివేలు లెక్కలు.
ఎడమచేతి పిల్ల గదా,
ఏ పుస్తకమిచ్చినా ఎన్కనుంచే తెరుస్తది.

ఆ చెయ్యి మీదనే స్కేలుతోని కొట్టిన్రు రెండో తరగతిల.
కుడిచెయ్యి మర్శిపోయినవా అని అడిగిందట టీచరు.
మర్శిపోలే. ఆ చేత్తోనే బువ్వ తింటది,
వాళ్ల నాయిన బస్సుకు టాటా చెప్తది,
తమ్ముని జుట్టు పట్టి గుంజుతది.
రాసుడు మాత్రం ఇంకో చెయ్యి పని.
మూడు దినాలు జరం.
నాలుగో దినం బ్యాగు మేకుకు తగిలించిన.
గిప్పుడది ఉల్లిగడ్డల సంచి.

నల్లాకు ఒక టైమంటు లేదు,
దినం తప్పి దినం, ఎప్పుడొస్తె అప్పుడే.
పదమూడో ఎక్కానికి రెండు బిందెలు,
పదిహేడో ఎక్కానికి డ్రమ్ము.
కొల్లాపూర్ నైట్‌హాల్ట్ చేసొచ్చి కురుమూర్తి
గోడ దిక్కు తిరిగి పండుకుంటడు,
మేం వంటింట్ల గుసగుసగ చదువుకుంటం.
గుసగుసగ భాగాహారం చెప్తె
శేషం ఎక్కడ పోతదో తెల్వది.

"ఫీజు మిగిలింది, సంబురమే" అంటది అత్తమ్మ,
"మరి పిల్లకు దోస్తులెవ్వరే?"
ఆ ముచ్చటకు నా తాన జవాబు లేదు.
పప్పుల పోపేసిన.

ముందటి పేజీలల్ల నా ఆలోచనలున్నయి.
రాగి బిస్కెట్లు, కొట్టేసిన.
జాకెట్లకు మగ్గం పని, కండ్లు గుంజినయి, కొట్టేసిన.
ట్యూషన్ చెప్తనంటె
సొంత పిల్లనే బడికి తోలదు, మన పిల్లలకేం చెప్తదన్నరు మెట్టుగడ్డోళ్లు.
కొట్టెయ్యని పేజీ ఒక్కటే, సీతాఫలం గుజ్జు.

దసరా పోంగనే గంపలు దిగినయి.
రాత్రంత కూసోని గింజలు తీసినం.
లెక్కపెడ్తనని చిన్నోడు జయంతు రెండు మింగిండు.
నడిజామున కరెంటు పోయింది.
తెల్లారి ఫ్రిజ్జుల చూస్తె
తెల్లటి గుజ్జంత చాయపత్త రంగు.
"గాలి తగిల్తె ఎందుకమ్మా నల్లగైతది?
నాకు రోజు తగుల్తది గదా, నేనైతలేను."
రేపు చెప్త అన్న.
రేపుల పద్దు గూడ ఈ బుక్కులనే ఉన్నది:
చందమామ బస్సెంబడి ఎందుకొస్తడు,
సున్నతోని భాగించొద్దని ఎవ్వలన్నరు,
నాయినకు బీపీ ఎక్కడికెల్లొచ్చింది.

నిన్న మాపటీలి సర్వే సారొచ్చిండు.
"బడి బయట పిల్లలెవరన్న ఉన్నరా?"
నేను మోచేతుల దాంక గుజ్జుతోని నిలవడ్డ.
"బయటెందుకుంటది సారూ, ఇంట్లనే ఉన్నది" అత్తమ్మ అన్నది.
సారు కుర్సిల కూసుండి
"ఏమొస్తదమ్మా నీకు?" అని అడిగిండు.

అలివేలు బుక్కు ఎన్కనుంచి తెరిసింది.
"గంప నాలుగొందలు సార్.
ఐసు, కవర్లు, ఆటో కలిపి తొంభై.
గుజ్జెల్లేది మూడున్నర కిలోలు.
అమ్మ కిలో నూటిరవైకి ఇస్తది.
అంటె కిలోకు ఇరవై రూపాయలు మేమే ఎదురిస్తున్నం."

సారు నవ్విండు. నేను నవ్వలే.
రెండు వారాలాయె నేనమ్మవట్టి.
మనసుల మల్లొక్కసారి లెక్క చేసిన,
తప్పెక్కడన్న దొరుకుతదేమోనని.
దొరకలే.
ఆ బుక్కుల రైటు గుర్తు పెట్టాల్సింది నేనే గదా,
చెయ్యి తుడుసుకొని పెట్టిన.

సారు పెన్ను రెండు గడుల నడుమ జెరసేపు ఆగింది.
దేంట్ల గీత పెట్టిండో కనవడలే.

రాత్రి అందరు పండుకున్నంక బుక్కు తిప్పిన.
ఇటునుంచి నేను, అటునుంచి అది
ఎదురెదురుగ నడిశొస్తున్నం.
నడుమ పదకొండు పేజీలు తెల్లగ.
రేటు పెంచాల్నా, గంప మాన్పాల్నా,
దోస్తుల ముచ్చట అత్తమ్మకేం చెప్పాలె,
రాద్దామని మూత తీసిన్నో లేదో
నల్లా బుస్సుమన్నది.

సగం నిద్రల లేసొచ్చింది అలివేలు,
ఎడమచేతిల బిందె.
"పంతొమ్మిదోది చెప్పనా అమ్మా?"
నాకదెప్పుడు పదిండ్ల దాంక రాలే.
చెప్పు బిడ్డా, అన్న.