పదిహేనో నెంబరు

మిష్రెఫ్‌లో ఒక దివానియా గోడకి
నులకమంచమంత టీవీ బిగించాం పొద్దున్నే.
కింద నాలుగు పెట్టెలు, పక్కన యాంప్లిఫయరు,
గోడ లోపల ఇక ఎవరూ చూడని వైర్లు.
అబూ నవాఫ్‌కి కావాల్సింది ఒకటే:
ఒక్క రిమోటు, ఒక్క బొటనవేలు.

నేలమీద బాసింపట్టు వేసుకుని
ల్యాప్‌టాప్ తొడమీద పెట్టుకుని
డ్రైవర్‌ని తట్టి లేపాను.
ముందు దానికి దారి చెప్పాలి.
టీవీ సున్నా. పెద్దిల్లు, దానికి దారి అక్కర్లేదు.
రెండో సందులో యాంప్లిఫయరు,
ఆ సందులో మొదటి గడప ఈ పెట్టె.
2.1.0.0 అని కొట్టాను.
కేబుల్ ఊడిందా, అదీ ఉండదు,
నాలుగు గళ్ళలోనూ ఎఫ్ అనే అక్షరం
నోరు తెరుచుకుని నిలబడుతుంది.

దారి వేరు, పేరు వేరు.
పేరు కోసం అదేం చేస్తుందంటే
తీగలోకి వంగి, తనకు కావాల్సిన పేరునే పిలుస్తుంది.
"నాలుగూ, ఉన్నావా?"
ఎవరో ఊఁ అంటారు. వెనక్కి తగ్గుతుంది.
"ఎనిమిదీ?"
ఊఁ.
"పదకొండూ?"

ఎవరూ పలకలేదు.
ఇక అది తనదే.

హవల్లీ గదికి నేనొచ్చిన రాత్రి కూడా ఇంతే.
కరెంటు లేదు. సూట్‌కేసు మోకాలికి కొట్టుకుంటుంటే
మంచాలు తడుముతూ అడిగాను, "అన్నా, ఎవరన్నా ఉన్నారా?"
కింది మంచం దగ్గింది.
ఎదుటిది మలయాళంలో కసిరింది.
ఏసీ నీళ్ళు కారే మూల, పై మంచం
ఏమీ అనలేదు.
ఆరేళ్ళుగా దానిమీదే పడుకుంటున్నా.

నాలుగో పెట్టెకి పేరు రాలేదు.
ప్లేయర్లకి మూడే పేర్లు;
ఒక ఇంట్లో ఇంతకంటే బొమ్మలెవరు చూస్తారులే
అనుకున్నారేమో రాసినవాళ్ళు.
తెరమీద పదిహేను అని పడింది.
నమోదు కాలేదని దానర్థం.
పెట్టెకి కరెంటుంది, దీపం వెలుగుతోంది,
లోపల ఫ్యాను తిరుగుతోంది,
అయినా.

సరిగ్గా అప్పుడే జేబులో ఫోను వణికింది.
సివిల్ ఐడీ మీద నా చిరునామా తీసేశారట.
బిల్డింగు పడగొడుతున్నారట.
కొత్తది చూపించాలి, లేకపోతే జరిమానా.
మళ్ళీ చదివాను. నా పేరు సరిగ్గానే ఉంది.
తలుపు పక్కన నీలం రేకు మీది నెంబరు
రోజూ తాళం తీస్తూ చూసేవాణ్ణి, గుర్తు పెట్టుకోలేదు.

ఓబులేసుకి చెప్పాను. నిచ్చెన మీదనుంచే,
నోట్లో రెండు మేకులు పెట్టుకుని అన్నాడు:
"మా మేనమామ ఫర్వానియాలో ఉండాడు గదరా,
ఆయప్ప ఫ్లాట్లో నీ పేరు రాపిచ్చుకుందాం.
ఎవురని అడిగితే బామ్మర్దినని జెప్పు."
"ఆయనకి పెళ్ళయిందా?"
"ల్యా."

నవ్వొచ్చి, మళ్ళీ పెట్టె దగ్గరికొచ్చాను.
నాలుగో దాన్ని ప్లేయర్ కాదు, ట్యూనర్ అని రాశాను.
చిన్న అబద్ధం.
తీగలోకి వంగింది. "మూడూ, ఉన్నావా?"
కాసేపు ఏమీ లేదు.
తర్వాత మెల్లగా, తెరమీద మూడు.

అబూ నవాఫ్ చాయ్ గ్లాసుతో వచ్చాడు,
రిమోటు తీసుకుని ఎర్ర బటన్ నొక్కాడు.
ఆ మాట పదిహేనుకే వెళుతుంది,
అందరికీ చెప్పాలన్నా అదే నెంబరు మరి.
టీవీ, యాంప్లిఫయరు, నాలుగు పెట్టెలు
ఒక్కసారే కళ్ళు మూశాయి.
"తమామ్," అన్నాడు.

రాత్రి గదిలో ఎవరి ఫోను వెలుగు వారి మొహం మీద.
షిబు బీరువా ఖాళీ చేస్తున్నాడు,
చాంద్ బాషా రేపటి అన్నం డబ్బాకెత్తుతున్నాడు.
ఓబులేసు స్విచ్చి మీద చెయ్యేసి,
ఏ మంచం వైపూ చూడకుండా అన్నాడు,
"పండుకోండ్రా ఇంక."

పై మంచం మీద నేనూ కళ్ళు మూశాను.