తలకట్టు లేని అక్షరాలు

కంచరపాలెం గేటు దగ్గర
దూదేకే మస్తాన్ వలీ
నాన్న దిండు కోసి,
"ఇదేటమ్మా, బూరుగు గింజలు ముద్దకట్టాయనుకున్నాను"
అంటూ నా చేతిలో పెట్టాడు:
అరచేయంత పుస్తకం,
నల్లదారంతో కుట్టింది,
పుటలనిండా సున్నాలు.

సున్నాలే. సగం సున్నాలు,
ఒకదాన్నొకటి కరుచుకున్న సున్నాలు,
తోక మొలిచిన సున్నాలు.
బళ్ళో వేసిన కొత్తలో నేనూ ఇలాగే రాసేదాన్ని
తలకట్లు మరిచిపోయి.

"మూగమ్మ గీసుంటుంది, ఏం తోచక,"
అన్నాడు నాన్న.

మా నాన్నమ్మ పేరే అది.
రేషన్ కార్డులోనూ అదే.
చేపల దగ్గర వేళ్ళతో బేరమాడేది.
హార్బర్లో సైరన్ మోగితే మాత్రం
చేతిలో గరిటె చేతిలోనే ఉండగా
గుమ్మం దాకా వచ్చి నిలబడేది.
పుట్టుమూగకి చెవులెలా వినిపిస్తాయని
మా వీధిలో ఒక్కరూ అడగలేదు.

జ్ఞానాపురంలో సన్నెమ్మత్త
పుస్తకం చూసి
ముందు తలుపు గెడ వేసింది.

"మూగదేటే గుంటా.
మా అయ్య రంగంలో బియ్యం మిల్లు బస్తాలు మోసినప్పుడు
ఆడే కట్టుకున్నాడు.
జపానోడి బాంబులు పడ్డాక ఓడెక్కించి తెచ్చీసినాడు.
రేవులో దిగీముందు సెప్పినాడంట:
నోరిప్పితే రంగం బైటపడిపోద్ది,
కులపోళ్ళు నిప్పూ నీళ్ళూ ఇవ్వరు,
తెలుగొచ్చీదాకా నువ్వు మూగదానివి.
వచ్చీసింది, మూడేళ్ళకే.
అప్పటికి ఊరంతా జాలిపడ్డం అలవాటు చేసుకుంది.
తీసుకున్న జాలి ఎలా ఎనక్కిచ్చీడం?"

రంగం. అత్త నోట ఆ మాట
బీరువా అడుగునున్న చీర మడతలా విప్పుకుంది.

నువ్వు విన్నావా అత్తా, ఆవిడ గొంతు?

"ఓపాలి. నాకు అమ్మవారు పోసినప్పుడు,
దుప్పటి కింద.
ఏ మాటో తెల్దు.
సల్లగా ఉండింది."

బర్మా క్యాంపులో నూడిల్స్ బండి గవరయ్య
అరవై నాలుగులో వచ్చిన మనిషి.
కళ్ళజోడు చొక్కా అంచుతో తుడుచుకుని
పుస్తకం అందుకుని
అటుది ఇటు తిప్పి పట్టుకున్నాడు.
ఇన్నాళ్ళూ మేము తలకిందులుగా చూస్తున్నామన్నమాట.

"ఉత్తరం కాదమ్మా. పద్దులు."

ఉప్పు ఇంత. కిరసనాయిలు ఇంత.
దాలయ్యకి బీడీలు.
మళ్ళీ దాలయ్యకి బీడీలు.
ఒప్పుకుంటాను, నాకు నిరాశే కలిగింది.
నలభై ఏళ్ళ ఏడుపు దొరుకుతుందని వెళ్తే
చింతపండు ధర దొరికింది.

చివరి పుటల్లో ఆయన వేలు ఆగింది.
పొయ్యి మంట తగ్గించి కూర్చున్నాడు.

"ఇవి పేర్లు.
అక్కడ ఏ వారం పుడితే
ఆ వారపు అక్షరంతో పెడతారు."

అత్తకి ఒకటి, గురువారానిది.
పురిటిమైల తీరకుండానే పోయిన పెదనాన్నకి ఒకటి.
తెలుగులో పేరే లేని వాడికి
ఈ లోకంలో ఉన్నదల్లా ఆ మూడు సున్నాలు.
నాన్నకి శనివారం పేరు.
ఆఖర్న సిరా పోయి బాల్ పెన్ను గీత,
వణుకుతూ: బుధవారం. నేను.

"విన్" అని చదివాడు గవరయ్య.
వెలుగని అర్థమట.
నా తెలుగు చెవి ఊరుకుంటుందా,
చివర ఓ ఉకారం తగిలించుకుంది.

ఇంటికొచ్చేసరికి
డాల్ఫిన్ కొండ మీద దీపం తిరుగుతోంది.
నాన్న వాకిట్లో
సైకిలు మీది ఇనుపరాతి దుమ్ము తుడుస్తున్నాడు.
ముప్పై మూడేళ్ళు
తన పేరు చెవికింద పెట్టుకుని నిద్రపోయిన మనిషి.

చెప్పాలో వద్దో తేల్చుకోలేదు నేను.
నోరే ముందు తెరుచుకుంది.

"మౌంగ్ టిన్" అన్నాను,
గవరయ్య నేర్పినట్టు
మధ్యలో గొంతు కాస్త దించి.

నాన్న గుడ్డ పిండాడు.
వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చున్నాడు.
చాలాసేపు ఒకే పుల్ల తుడిచాడు.

తల ఎత్తకుండా,
"మళ్ళీ అను" అన్నాడు.