ఏ ఏడుది?

ఆటోనగర్‌లో మా షెడ్డుకి వచ్చింది కేతకి,
నాసిక్ దగ్గర ద్రాక్షతోటల వాళ్ల అమ్మాయి.
నేను అతికిన పన్నెండు వేల లీటర్ల స్టీలు ట్యాంకులోకి
చెప్పులు బయట విడిచి
టార్చిలైటుతో దూరింది.
లోపలి అతుకుని వేలితో తడుముతూ
"ఇక్కడ గీత తగలకూడదు" అంది.
తగల్లేదు.
పదకొండు రోజులు నునుపు చేశాను, ఎలా తగులుతుంది.

టీ తాగుతూ ఫోనులో వాళ్ల ఊరు చూపించింది:
దువ్వెనతో దువ్విన కొండవాలు,
ఓడని బోర్లించినట్టున్న వైనరీ మేడ,
నేల కింద చీకట్లో ఏళ్ల తరబడి పడుకున్న పీపాలు.
శని ఆదివారాలు బస్సుల్లో దిగుతారట జనం,
గ్లాసు తిప్పి వాసన చూడ్డానికి డబ్బిస్తారట.
"మీ విశాఖలో ఇలాంటిదేమైనా ఉందా?"
సూపర్‌వైజరు కైలాసగిరి అన్నాడు, సబ్‌మెరైన్ అన్నాడు.
నేను, ఎందుకన్నానో, "ఉంది" అన్నాను.
"కానీ తెల్లారగట్టే లేవాలి."

భీమిలి రోడ్డు. సముద్రం కుడిచేతి పక్కనే
మాతో పాటు పరిగెత్తింది కాసేపు.
ఇసకలో మొగలి పొద కనపడితే బండి ఆపి
"ఇదిగో, మీ పేరు" అన్నాను.
ముట్టుకుంది. ముల్లు దిగింది. నవ్వింది.

మా ఆవిడ మేనమామ దాలయ్య తోపు.
గేటు లేదు. బోర్డు లేదు.
తాటిచెట్లు, ఒక్కోటీ ఒక మేడ,
ఉన్న ఒక్క గదీ చిట్టచివరి అంతస్తులో.
మెట్లు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి:
నడుముకి మోకు, కాళ్లకి బందం,
వెనక వేలాడే కత్తి.
ఆవిడ మెడ వాల్చి చూస్తూనే ఉంది
గెల కొసని కాగితమంత మందాన ఒక్క గీత గీసి
మావ లొట్టి మార్చడం.
నా పనిలో గీత కనపడితే కూలి తెగుతుంది,
ఆయనకి గీతే కూలి.

తాటాకు దొన్నెలో పోశాడు.
అలవాటుగా తిప్పబోయింది ఆవిడ.
దొన్నె తిరగదు. నురగ బొటనవేలి మీదకి పొర్లింది.
వాసన చూసింది. ఒక గుక్క తాగి, కళ్లు మూసుకుంది.
నాకే పరీక్షలా ఉంది, గొంతు ఎండింది.
అప్పుడు హిందీలో ఏదో అడిగింది, నేను మార్చి చెప్పాను:
"మావా, ఇది ఏ ఏడుది అని అడుగుతోంది."
"ఏడుదే" అన్నాడు దాలయ్య మావ.
"ఏడింటికి దింపినాను గాదేటి?
పదైతే పులుపెక్కిపోద్ది.
మజ్జానానికి నా కోపమంత గాటు.
సందేళకి నాకే వొద్దు."

అది చెప్పగానే వాచీ చూసుకుంది, నిజంగానే.
ఏడూ నలభై.
సంచిలోంచి చిన్న పుస్తకం తీసి
తేదీ రాసింది, గాలి ఎటునుంచో రాసింది.
"ఈ చెట్టుకి పేరుందా?"
మావ కాలి బొటనవేలితో చూపించాడు,
మొదట్లో పసుపు రంగు రాయి,
దాని మీద నల్లగా 41.
"ప్లాటు నంబరమ్మా.
నానైతే కోపిష్టిది అంటాను, గాలొస్తే ఊపి పారేత్తది.
హుద్‌హుద్‌కి ముప్పై పడ్డాయి. ఇది పడనేదు.
రిజిస్ట్రేషన్‌కి పడతది."
చివరి మాట నేను హిందీలోకి మార్చలేదు.
ఆవిడ నలభై ఒకటి అని రాసుకుంది, చుట్టూ సున్నా చుట్టి.

వెనక్కి వస్తూ చాలాసేపు మాటల్లేవు.
తగరపువలస లారీ ఒకటి హారన్ కొట్టి దాటాక
"మా దగ్గర పాతబడే కొద్దీ ధర పెరుగుతుంది" అంది.
నేను మావ మోకాళ్లు తలుచుకున్నాను.

సోమవారం ట్యాంకు నిండా నీళ్లు పట్టి చూశారు.
చెమ్మ లేదు, చుక్క లేదు, ఆవిడ సంతకం పెట్టింది.
లారీకి ఎక్కించే ముందు
అడుగున, కాలు అతికే చోట,
ఎవరి వేలూ తడమని చోట
గోరంత గీత గీశాను.
ఏడు వేద్దామనుకున్నాను.
క్రేను వాడు అరిచాడు.
గీత మాత్రమే వెళ్లింది.