నాలుగో నిమిషం దగ్గర

ఆకివీడు దాటాక రెండో వంతెన పక్కన
ఏరేటర్ మోటార్లకి రాగి తీగ చుడతాను.
పగలంతా వేళ్ళకి వార్నిష్.
రాత్రి అదే రాగి, వెంట్రుకకన్నా సన్నంగా
ఏ దేశంలోనో ఎవరో చుట్టింది,
చెవులకి తగిలించుకుని కూర్చుంటాను.

ఏడున్నాయి నా దగ్గర.
మా ఆవిడ లెక్కలో మూడు.
మిగతావి పాత బియ్యం డబ్బాలో, బియ్యంతో సహా.
ఈ గాలికి చెమ్మెక్కువ,
తోలు మెత్తలు ఏడాది తిరక్కుండా పొట్టు రాలతాయి.

నల్లదానిలో డోలు దెబ్బ పడ్డాక వెళ్ళదు,
కబుర్లకొచ్చిన చుట్టంలా గుమ్మంలోనే నిలబడుతుంది.
జర్మనీది ఉన్నదున్నట్టు మొహం మీదే అంటుంది.
చెక్క కప్పులది అన్నిటికీ కాస్త బెల్లం రాస్తుంది.
ప్లానార్ది అరకేజీ బరువు, మెడ పట్టేస్తుంది,
కానీ పందిరి ఎంత వెడల్పో చెబుతుంది,
గుంజకీ గుంజకీ మధ్య ఎన్ని అడుగులో.
రెండు పంటల రివైండింగు డబ్బు అది.

అన్నిటికీ ఒకటే పరీక్ష.
తుఫానొచ్చిన ఏడు కాళ్ళకూరు పెళ్ళిలో
మా బాబాయి టేపురికార్డరు పట్టిన సన్నాయి.
నాలుగో నిమిషం, పన్నెండో సెకను.
నల్లదానిలో అక్కడ ఏమీ లేదు.
జర్మనీదానిలో గుడ్డ చిరిగిన చప్పుడు.
ప్లానార్లో ఎడం పక్క, ఒక మనిషంత వెనక,
ఎవరో ఊపిరి తీసుకుంటారు.

ఆ ఊపిరి కోసమే ఏడు కొన్నాను.

ఓపెన్ బ్యాక్ కదా, బయటిదంతా లోపలికొస్తుంది.
తెల్లవార్లూ చెరువుల్లో చక్రాలు నీళ్ళు కొడుతూనే ఉంటాయి.
కరెంటు పోతేనే నిశ్శబ్దం.
జనరేటర్లు అందుకునేలోపు ఓ అరనిమిషం,
రొయ్యలు పైకి తేలే అరనిమిషం,
అది నాది, నా యాంపుకి బ్యాటరీ ఉంది.
ఒకసారి ఫోను మోగుతుంటే ఎత్తలేదు.
ఆ సంగతి ఇప్పటికీ ఎవరికీ చెప్పలేదు.

పోయిన ఆషాఢంలో, ముహూర్తాల్లేని రోజుల్లో,
సన్నాయి బుల్లెబ్బాయి గారు
టేబుల్ ఫ్యాను చంకలో పెట్టుకుని వచ్చారు.
కూర్చోబెట్టి ప్లానార్ది తలకి పెట్టాను.
ఎవరి చెయ్యో వినగానే పోల్చుకున్నారు.
మోకాళ్ళ మీద వేళ్ళు రంధ్రాలు మూస్తూ తెరుస్తూ
నాలుగో నిమిషం దగ్గర ఆగిపోయాయి.

"మీ ఊపిరండీ అది" అన్నాను, గొప్పగా.

"నాది కాదయ్యా. మా కామేశుది.
శ్రుతి వాడు పట్టేవాడు.
శ్రుతి పట్టేవాడికి ఊపిరి తెగకూడదు,
ముక్కుతో తీసుకుంటూ బుగ్గల్లోంచి ఇస్తూనే ఉండాలి.
తెగింది అక్కడ.
పందిట్లో ఒక్కడికీ తెలీలేదు. నాకు తెలిసింది.
భోజనాల దగ్గర, విస్తరి ముందు, అందరిలో అన్నాను."

ఏమన్నారో చెప్పలేదు. నేనడగలేదు.
ఫ్యాను రెక్కలు చేత్తో ఒకసారి తిప్పి చూసుకుని,
"ఇది వినబడంది ఏదన్నా ఉందా నీ దగ్గర?" అన్నారు.

బియ్యం డబ్బా మూత తీశాను, పెట్టాను.
సొరుగు లాగాను.
టెస్టరు కింద, ఫ్యూజు తీగల చిక్కులో,
ఏదో పాత ఫోనుతో ఊరికే వచ్చినవి,
కుడివైపుది కాస్త గరగర.
దులిపి ఇచ్చాను.

ఆయన చివరిదాకా విన్నారు.
వేళ్ళు ఎక్కడా ఆగలేదు.
"ఇది మంచిదయ్యా" అన్నారు.
వద్దన్నా వినకుండా డెబ్బై రూపాయలు బల్ల మీద పెట్టి
దాన్ని జేబులో వేసుకుని వెళ్ళారు.

రాత్రి నా నోటుబుక్కులో ఏడింటి కింద గీత గీసి
ఎనిమిదోది రాశాను.
బరువు: తెలీదు. డోలు: రేకు డబ్బా. పందిరి: లేదు.
ఊపిరి అన్న గడి దగ్గర పెన్ను ఆగింది.
అది నింపకుండానే కరెంటు పోయింది.

ఫోను ఇంకా మోగలేదు.
టూల్‌బాక్సు తీసుకుని బండి స్టార్టు చేశాను.