నీళ్లు తాగే చోటు

మూడేండ్లకొకసారి వస్తాడు సుంకులయ్య,
జొన్న ఇంటికి చేరినాక, శివరాత్రికి ముందు.
ఉప్పులదిన్నెలో మా ఒక్క ఇల్లే మిగిలింది ఆయనకు
తంబుర దించి కూచోడానికి.
తక్కినోళ్లు పది రూపాయలు చేతిలో పెట్టి
వంశం వద్దులే, ఇంకో ఇల్లు చూసుకో అంటారు.

గొంతు సవరించుకోకుండానే మొదలుపెడతాడు.
ఈదుల ఓబుల్రెడ్డి, పెన్న దాటి వచ్చినోడు,
ఎద్దు మొండికేసి నిలబడిన చోట గుంజ పాతినోడు.
ఆయన కొడుకు చెన్నప్ప,
మూడు బావులు తవ్వి మూడింట్లోనూ ఉప్పునీళ్లే చూసినోడు.
చెన్నప్ప కొడుకు నారపురెడ్డి.
నారపురెడ్డి కొడుకు పెద్ద ఓబయ్య.

అక్కడ తంబుర ఆపుతాడు.
చెంబెత్తి ఒక గుటక నీళ్లు తాగుతాడు.
మీసం తుడుచుకుని మళ్లీ ఎత్తుకుంటాడు,
పెద్ద ఓబయ్య కొడుకులు నలుగురు...

చిన్నప్పుడు దాహమనుకున్నా.
తర్వాత వయసనుకున్నా.
కానీ ముప్పై ఏండ్లు రిజిస్ట్రారాఫీసులో నకళ్లు రాసినదాన్ని,
ప్రతి నకలూ ఒకే చోట చినిగితే
అది చెదల పని కాదని తెలుసు నాకు.

తమ్ముడు శివనారపరెడ్డి కొత్తిల్లు కడుతున్నాడు.
గేటు పక్కన వంశవృక్షం చెక్కిస్తాడంట.
ఎర్రగుంట్లలో బండ కోయించినాడు, ఆరడుగులు,
పాలీషు పెడితే మొగం కనపడే నల్ల నాపరాయి.
పేర్లు రాసియ్యమని నాకప్పజెప్పినాడు.
"మొగోళ్లవి చాలక్కా, అందరూ బండకు పట్టరు."

తాలూకాఫీసు బీరువాలో పాత పైమాషీ లెక్కలు వెదికినా.
ధాత సంవత్సరం. మా చేనికెదురుగా
బీడు, పట్టాదారు జాడ లేదు.
మరుసటేడు ఈశ్వర. అదే బీడు.
అదే చేతిరాత, కాస్త వణికింది.
ఆ పై ఏడు బహుధాన్యలో
పెద్ద ఓబయ్య పేరు తిరిగొచ్చింది, శిస్తు బాకీతో.
రెండేండ్లు యాడున్నాడో లెక్కలకు తెలీదు.
ఎవరితో తిరిగొచ్చినాడో లెక్కలకు అక్కరలేదు.

ప్రొద్దుటూరికి పోయినా, మేనత్త ఓబుళమ్మ దగ్గరికి.
తొంభై దాటిన మనిషి. కొంగు నోటికడ్డం పెట్టుకుని
గోడవైపు తిరిగి చెప్పింది,
"కాలవ కట్టమీద కంకర కొట్టేకాడ,
గంజిదొడ్డిలో, వరసలో ముందు నిలబడిన పిల్లంట.
తన మూకుడు ఆయనకిచ్చిందంట.
ఏ ఊరో, ఎవరి బిడ్డో, ఏ కులమో
అప్పుడెవరడిగినారు?
తిరిగొచ్చినాకే కదా అందరూ అడిగింది."
పేరేమత్తా అంటే
"పిలిస్తే కదా పేరు" అనింది.
ఆవలించి, టీవీ పెట్టమనింది.

ఈసారి సుంకులయ్య వచ్చినప్పుడు
చెంబు ఆయనకందకుండా నా పక్కన పెట్టుకున్నా.
పెద్ద ఓబయ్య కాడికొచ్చినాడు. చెయ్యి చాచినాడు.
నేల తగిలింది.
ముందుకు పోలేకపోయినాడు.
మళ్లీ ఓబుల్రెడ్డి నుంచి ఎత్తుకున్నాడు,
పెన్న దాటించినాడు, బావులు తవ్వించినాడు,
అక్కడికే వచ్చి నిలబడినాడు, ఎద్దు మాదిరి.

"ఆడ నీళ్లు తాగాలమ్మా" అన్నాడు.
"మా తాత నేర్పిచ్చినాడు.
పేరు ఆయనకూ తెలీదు, రాగిరేకులో గూడా లేదు.
చెప్పొద్దన్నారంట మీ పెద్దోళ్లు.
మీ ఉప్పు తిన్నోళ్లం, సరే అన్నారంట మావోళ్లు.
కానీ ఊరికే దాటేస్తే అబద్ధమైతాది గదా.
అందుకని ఒక గుటక."

చెంబిచ్చినా.
తాగినాడు.
నలుగురు కొడుకులూ వరసగా దిగొచ్చినారు.

తమ్ముడికి రాసిచ్చిన కాగితంలో
పెద్ద ఓబయ్య కింద ఒక వరస ఖాళీగా వదిలినా.
నిన్న బండ చెక్కే అతను ఫోను చేసినాడు,
మేడం, ఈడ ఏదో పేరు మర్చిపోయినట్టున్నారు,
జానెడు జాగా మిగిలిపోయింది.
మిగలనీ అన్నా.
ఉలి తాకించొద్దు,
పాలీషు మాత్రం బాగా పెట్టు అన్నా.

తమ్ముడింకా చూడలేదు.
గృహప్రవేశం పదో తేదీ.